రంగా గారు మళ్ళీ కాంగ్రెస్‌లోకి ఎందుకు వెళ్ళారు?

పెద్దవాళ్ళెవరైనా కాస్త చెప్తారా? నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి.రంగా గారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి రైతుల్ని కూడగట్టారు, నెహ్రూ సహకార వ్యవసాయం అంటే రైతు చేతిలోంచి భూమి జారిపోతుందని 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. ఇక్కడిదాకా బాగానే అర్థమైంది. కానీ గుంటూరు జిల్లా మనిషి 1967లో శ్రీకాకుళం ఎంపీగా ఎలా గెలిచారు, అక్కడి రైతు నాయకుడు గౌతు లచ్చన్న గారి బలమేనా? అంత పోరాడిన మనిషి తర్వాత మళ్ళీ కాంగ్రెస్‌లో చేరి 1980లో గుంటూరు నుంచి గెలవడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు. మా తాతయ్యని అడిగితే నోట్లో చుట్ట తీసి "రాజకీయాలురా" అని ఊరుకున్నాడు. అప్పట్లో ఊళ్ళో రైతులు ఏమనుకున్నారు? ఆయన పార్లమెంటు ప్రసంగాలు తెలుగులో ఎక్కడైనా దొరుకుతాయా?