ఇన్విన్సిబుల్, ఇండామిటబుల్: రెండూ ఒకటేనా?

కొత్తపేట_నాన్న: మా అమ్మాయి 1996 నవంబరు తుఫాను గురించి బళ్ళో ఇంగ్లీషులో మాట్లాడాలండి. కోనసీమ రైతులను ‘ఇన్విన్సిబుల్’ అని రాసుకుంది. ట్యూషన్ సారేమో అది కొట్టేసి ‘ఇండామిటబుల్’ పెట్టమన్నారట. మా ఇంట్లో డిక్షనరీలో రెండిటికీ ‘అజేయమైన’ అనే ఉంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రాజోలు_మాస్టారు: సారు సరిగ్గా చెప్పారండి. ఇన్విన్సిబుల్‌కి మూలం లాటిన్ ‘వింకెరె’, అంటే గెలవడం. ముందున్న ‘ఇన్’ మన ‘అ’ లాంటిది, లేదు కాదు అని చెప్తుంది. విక్టరీ, కన్విన్స్ కూడా ఆ ఇంటివే. వాదంలో గెలిచి ఒప్పిస్తే కన్విన్స్. అంటే ఇన్విన్సిబుల్ అన్నామంటే ఓడించడం ఎవరి తరమూ కాదనే. ఇండామిటబుల్‌ది వేరే దారి. లాటిన్ ‘డొమారె’ అంటే మాలిమి చేయడం. ఓడిపోయినా లొంగనివాళ్ళకి ఈ మాట చెల్లుతుంది. ఆ తుఫానుకి మన తోటలు నేలమట్టమయ్యాయి కదా, ఇన్విన్సిబుల్ అనడం ఎలా కుదురుతుంది?

ముక్తేశ్వరం_రేవు: మాస్టారి మాటే నిజం. మా తోటలో నిలబడ్డ చెట్లు తక్కువ. నాన్నగారు పడిన మొద్దులు తీయించి మళ్ళీ మొక్కలు వేయించారు. కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అందాకా అరటి, కంద వేసుకుని నెట్టుకొచ్చాం. మా నాన్నగారికి ఏ మాట సరిపోతుందో ఇప్పుడు తెలిసింది.

అమలాపురం_సంస్కృతం: ఒకటి కలపనివ్వండి మాస్టారూ. ఆ డొమారె మన ‘దమ్’ ధాతువుకి దగ్గర చుట్టం. శమదమాలు, ఇంద్రియదమనం అంటాం కదా, ఆ దమమే. ఇంగ్లీషు ‘టేమ్’ కూడా అదే కుటుంబం. సంస్కృతంలో దమ్యమంటే ఇంకా కాడికి అలవాటు చేయాల్సిన కోడె. కాబట్టి ఇండామిటబుల్‌కి ‘అదమ్య’ అని రాస్తే అర్థానికి అర్థం, చుట్టరికానికి చుట్టరికం. డిక్షనరీలు ఈ మాట వదిలేసి అన్నిటికీ ‘అజేయ’ అంటించడం నాకు బాధగా ఉంటుంది.

నరసాపురం_నేవీ: బ్రిటిష్ వాళ్ళకి ఇన్విన్సిబుల్ అనే యుద్ధనౌక ఉండేది. 1916 మే 31న జట్లండ్ యుద్ధంలో పేలిపోయి మునిగింది. వెయ్యిమందికి పైగా పోయారు, ఆరుగురే బతికారు. ఆ సంగతి చదివాక ఆ మాట వాడాలంటే నాకు చెయ్యి రాదు.

కొత్తపేట_నాన్న: అందరికీ నమస్కారాలండి. మరి క్రికెట్ టీముకి ఏది వాడాలి?

రాజోలు_మాస్టారు: వరసగా గెలుస్తున్న టీముకి, సైన్యానికి ఇన్విన్సిబుల్. పట్టుదలకి, ధైర్యానికి, మనోబలానికి ఇండామిటబుల్. ‘ఇండామిటబుల్ స్పిరిట్’ అనేది బాగా వాడుకలో ఉన్న జంట, అమ్మాయిని అలాగే రాయమనండి. పలికేటప్పుడు ‘డా’ మీద ఒత్తాలి. చాలామంది ‘ఇండొమైటబుల్’ అంటారు, అలా అననివ్వకండి.