ఓవెన్ లేకుండా పొయ్యి మీద చేసింది బ్రెడ్డా, దిబ్బరొట్టా?

బీటీఎమ్_వంటిల్లు

అందరికీ నమస్తే అండి. మేముండేది బెంగళూరు బీటీఎమ్ సెకండ్ స్టేజ్‌లో వన్ బీహెచ్‌కే, వంటిల్లు ఎంతంటే ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే నేను హాల్లోకి రావాలి. ఓవెన్ లేదు, కొన్నా పెట్టే చోటు లేదు. మూడు నెలల్నుంచి ప్రతి ఆదివారం కుక్కర్లో కిలో కళ్ళుప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, దానిమీద స్టాండు పెట్టి, బ్రెడ్ చేస్తున్నా. కొలతలు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, మైదా 300 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక చెంచా, పంచదార ఒక పెద్ద చెంచా, ఉప్పు చెంచా, నూనె రెండు చెంచాలు, గోరువెచ్చటి నీళ్ళు 190 మిల్లీలీటర్లు. పది నిమిషాలు పిసుకుతా, ఒకసారి పొంగాక గాలి తీసి గిన్నెలో పెట్టి మళ్ళీ పొంగనిస్తా, సన్న సెగ మీద నలభై నిమిషాలు.

లోపల మెత్తగా, జాలీజాలీగా బాగానే వస్తోంది. పైన మాత్రం తెల్లగా, పాలిపోయినట్టు. మొన్న మా వదిన కేఆర్ పురం నుంచి వచ్చి ఒక ముక్క తిని "రుచి బానే ఉందమ్మా, కానీ దీన్ని బ్రెడ్ అనకు, మైదా దిబ్బరొట్టె అను" అంది. నవ్వేసా కానీ రాత్రంతా అదే మాట. మీరు చెప్పండి, ఓవెన్ ముఖం చూడనిది బ్రెడ్ అవుతుందా అవదా?

ఓటీజీ_భక్తుడు

మీ వదినగారికి నా ఓటు 😄

సరదాకి కాదండి, కారణం ఉంది. బ్రెడ్డుకి బ్రెడ్ వాసన వచ్చేది పైన ఆ గోధుమరంగు పొర వల్ల. అది రావాలంటే పిండి పైభాగం 140 డిగ్రీలు దాటాలి, అప్పుడే చక్కెరా ప్రొటీనూ కలిసి ఆ రంగూ ఆ వాసనా వస్తాయి. మీ కుక్కర్లో కింద మంట, పైన మూత, మధ్యలో పిండిలోంచి లేచిన ఆవిరి మూతకి తగిలి చెమటపట్టి మళ్ళీ పిండి మీదే పడుతుంది, తడిగా ఉన్నంతసేపు అది వంద దాటదు, అంటే పైభాగం వరకూ మీరు చేస్తున్నది ఇడ్లీ! కింద మాత్రం రొట్టె. పైన ఇడ్లీ కింద రొట్టె, పేరు మీరే పెట్టుకోండి.

చిన్న ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్, కొనుక్కోండి. కరెంటు బిల్లని భయపడతారు గానీ 1500 వాట్లది నలభై నిమిషాలు ఆపకుండా లాగినా ఒక్క యూనిట్టు, మధ్యమధ్యలో దానంతటదే ఆగుతుంది కాబట్టి అంత కూడా కాదు.

పీజీ_బతుకు

భక్తుడన్నా, మీది సొంతిల్లనుకుంటా. 1500 వాట్లంటే ఆరు ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకూడదు, 230 వోల్టులకి లెక్కేస్తే దాని హద్దు 1380, పదహారు ఆంపియర్ల సాకెట్ కావాలి. అద్దె ఇళ్ళలో అలాంటిది ఒకటే ఉంటుంది, అది బాత్‌రూమ్ పక్కన గీజర్‌కి. అంటే గీజర్ పీకి బాత్‌రూమ్ గుమ్మంలో బ్రెడ్ చేసుకోవాలి. ఓనర్ ఆంటీ చూస్తే "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కన్నడంలో కాస్త సర్దుకోండి) అనదు, అడ్వాన్స్ వెనక్కిచ్చి ఖాళీ చెయ్యమంటుంది.

నేనుండేది మారతహళ్ళి పీజీలో, ఇండక్షన్ స్టవ్ కూడా దొంగతనంగానే వాడతాం, అందుకని నా ఓటు పొయ్యి బ్రెడ్డుకి. ఆకలేసినప్పుడు దాని ఇంటిపేరు ఎవడడిగాడు.

కొలిచి_చెప్తా

ఒక్క విషయం క్లియర్ చేద్దాం, "ఉడికిందా లేదా" వేరు, "కాలిందా లేదా" వేరు. రెండూ కలిపేస్తున్నారు.

నా దగ్గర గుచ్చి చూసే థర్మామీటర్ ఉంది. బ్రెడ్ లోపల 93 నుంచి 95 డిగ్రీలు వస్తే అయిపోయినట్టు. ఓవెన్‌లో చేసినా అంతే, పొయ్యి మీద చేసినా అంతే, ఎందుకంటే లోపల తడి ఉన్నంతసేపు నీళ్ళు మరిగే వేడిని దాటదు, మన బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్ళు ఇక్కడ 97 దగ్గరే మరిగిపోతాయి. నేను రెండు రకాలుగా చేసి రెండింట్లోనూ గుచ్చి చూశా, లోపల తేడా లేదు. కళ్ళకి గంతలు కట్టి మధ్యముక్క పెడితే భక్తుడుగారు కూడా చెప్పలేరు. తేడా అంతా అంచుల్లోనే. కాబట్టి వదినగారి మాట సగం తప్పు. సగం మాత్రమే, అది గమనించండి.

ఇంకోటి, ఇక్కడ డిసెంబర్ చలికి పిండి పొంగట్లేదని ఈస్ట్ ఎక్కువేస్తారు చాలామంది, వెయ్యొద్దు, పుల్లటి వాసనొస్తుంది. హాట్‌ప్యాక్‌లో పిండిగిన్నె పెట్టి పక్కన వేణ్ణీళ్ళ గ్లాసు పెట్టండి. మా బెజవాడలో మే నెలలో నలభై నిమిషాలకే గిన్నె దాటి పారిపోయే పిండి ఇక్కడ రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

మల్లేశ్వరం_అత్తయ్య

అమ్మాయ్ బీటీఎమ్, బ్రెడ్ పేరు సంగతి తర్వాత, ముందు ఆ కుక్కర్ పక్కన పెట్టు. నేను ఒకటి పోగొట్టుకున్నాను, అందుకే చెప్తున్నా. కుక్కర్ మూతలో సేఫ్టీ వాల్వు అని ఉంటుంది, వేడి హద్దు దాటితే కరిగిపోవడానికే దాంట్లో ఒక మెత్తటి లోహం పెడతారు. నీళ్ళు లేకుండా ఎండు కుక్కర్ని ముప్పావుగంట మంట మీద ఉంచితే అది కరగదా మరి? నాది కరిగింది. పైగా ఉప్పు! తేమ తగిలిన ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, అడుగున సన్నసన్న గుంటలు పడతాయి, ఆ కుక్కర్లోనే మర్నాడు పప్పు వండుతావు. నీళ్ళు లేకుండా పొయ్యి మీద పెట్టొద్దని దాంతో వచ్చిన కాగితంలోనే ఉంటుంది, ఎవరు చదువుతారు.

మందపాటి గిన్నె చాలు. పోత ఇనుముదైతే ఇంకా మంచిది. నాన్‌స్టిక్ ఖాళీగా కాల్చకు, 260 దాటితే ఆ పూత పాడై పొగలొస్తాయి. కింద పాత దోసె పెనం పెట్టు, దానిమీద గిన్నె పెట్టు, అప్పుడు మంట నేరుగా తగలదు, నీ కిలో ఉప్పు చేసే పని ఆ పెనమే చేస్తుంది. మూతకి పల్చటి గుడ్డ చుట్టి పైకి ముడెయ్యి, కొసలు మంటకి వేలాడకుండా చూసుకో. వాసెనపోలికి గుడ్డ కడతాం చూడు, అక్కడ ఆవిరి గుడ్డలోంచి పైకి రావాలి, ఇక్కడ గుడ్డ ఆ చెమటని పీల్చుకోవాలి, అంతే తేడా. ఇరవై నిమిషాలయ్యాక పళ్ళెంలోకి బోర్లించి, తిరగేసి మళ్ళీ గిన్నెలోకి జార్చి ఇంకో పది నిమిషాలు. రెండువైపులా రంగొస్తుంది.

బెంగళూరొచ్చి ముప్పై ఏళ్ళయింది నాకు. చిక్‌పేటలో బీబీ బేకరీ 1898 నాటిది, హాసన్ నుంచి వచ్చిన అయ్యంగార్లు పెట్టింది. అప్పట్నుంచీ ఈ ఊళ్ళో వీధికో అయ్యంగార్ బేకరీ, సాయంత్రం ఆ వాసన రోడ్డంతా వస్తుంది. ఆ వాసన కావాలంటే మాత్రం ఇంట్లో పొయ్యి మీద రాదమ్మా, అక్కడికెళ్ళి కొనుక్కోవడమే. నేను రెండూ చేస్తా.

ఓటీజీ_భక్తుడు

అత్తయ్యగారూ కుక్కర్ విషయం పూర్తిగా ఒప్పుకుంటా. కానీ తిరగేస్తే ఏమవుతుంది? పైన గుండ్రంగా పొంగిన బ్రెడ్ బోర్లా పడి చదునైపోతుంది. రెండువైపులా ఇస్త్రీ చేసినట్టుంటుంది. అది బ్రెడ్ అయితే మరి ఊతప్పం ఏం పాపం చేసింది.

కొలిచి_చెప్తా

ఇంగ్లీష్ మఫిన్ తిన్నారా భక్తుడుగారూ? ఈస్ట్ వేసిన పిండి, పెనం మీద, రెండువైపులా తిప్పి కాలుస్తారు. చదునుగానే ఉంటుంది. దాన్ని బ్రెడ్ కాదన్నవాళ్ళని నేను చూళ్ళేదు. చైనావాళ్ళ మాంటోవ్ పూర్తిగా ఆవిరి మీదే ఉడుకుతుంది, దానికీ ఈస్టే. నా లెక్క ప్రకారం ఈస్ట్‌తో పులిసి, పిసికిన గోధుమపిండి సాగి ఆ గాలిని పట్టుకుని నిలబడితే అది బ్రెడ్డు. ఏ పొయ్యి మీద కాలిందన్నది దాని చిరునామా, కులం కాదు. మీ ఊతప్పంలో బియ్యమూ మినప్పప్పూ, పిసికేదీ లేదు సాగేదీ లేదు.

సిల్క్‌బోర్డు_బాధితుడు

నలభై రూపాయలకి కొట్లో దొరికేదానికి ఇంత గొడవేంటి గురూ

బీటీఎమ్_వంటిల్లు

సిల్క్‌బోర్డు గారూ, దొరుకుతుందని తెలుసు. 2016లో ఢిల్లీలో సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) వాళ్ళు బ్రెడ్లూ బన్నులూ లాంటివి 38 శాంపిళ్ళు టెస్ట్ చేస్తే 84 శాతం వాటిల్లో పిండిలో కలిపే రసాయనాలు పొటాషియం బ్రోమేటో అయోడేటో దొరికిందని పేపర్లో వచ్చింది, ఆ ఏడాదే బ్రోమేట్‌ని ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిషేధించేసింది, సరే, ఇప్పుడు వెయ్యకూడదు. నేను చేస్తున్నది ఆ భయంతో కాదు, పిండి పొంగుతుంటే చూడ్డం నాకిష్టం. వారమంతా ల్యాప్‌టాప్‌లో చేసే పని కంటికి కనపడదు, ఇది కనపడుతుంది.

అత్తయ్యగారూ, భయమేసి కుక్కర్ తిప్పి చూశా. అడుగున గుంటలున్నాయి, నాలుగైదు. థాంక్సండి. ఆ కిలో ఉప్పు మాత్రం ఏం చెయ్యాలో తెలీట్లేదు, బూడిదరంగులోకి తిరిగింది.

కుంపటి

ఆలస్యంగా వచ్చా, మొత్తం చదివా. దిబ్బరొట్టెని తిట్టులా వాడుతున్నారు ఇక్కడ, దానికి నాకు అభ్యంతరం.

మాది తెనాలి. మా నాయనమ్మ మినపరొట్టె వేసేది, మినప్పప్పు రుబ్బి బియ్యపురవ్వ కలిపి, కుంపట్లో బొగ్గులు రాజేసి, మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె పోసి పిండి నాలుగు వేళ్ళ మందాన వేసేది. అసలు విషయం తర్వాత, మూత పెట్టి ఆ మూత మీద కూడా నిప్పులు పోసేది. అడుగున ఎంత ఎర్రగా కాలేదో పైన కూడా అంతే. తిరగెయ్యడం లేదు, పైన పాలిపోవడం లేదు. పానకంలో ముంచుకుని తినేవాళ్ళం, అంచు ముక్క కోసం నేనూ మా చెల్లీ కొట్టుకునేవాళ్ళం. భక్తుడుగారూ, కిందా మీదా వేడి ఉంటే దాన్ని ఓవెన్ అనరా? మీ ఓటీజీలో కింద ఒక రాడ్డు పైన ఒక రాడ్డు, మా నాయనమ్మ దగ్గర కింద బొగ్గులు పైన బొగ్గులు. కాబట్టి వదినగారు "దిబ్బరొట్టె" అన్నది పొగడ్త కింద లెక్క, మీ బ్రెడ్ ఇంకా ఆ స్థాయికి రాలేదు!

ఫ్లాట్లో బొగ్గులు రాజెయ్యమని చెప్పట్లేదు, తలుపులేసిన గదిలో బొగ్గుపొగ ప్రాణం తీస్తుంది. ఇలా చెయ్యండి. రెండో బర్నర్ మీద బరువైన ఇనప పెనం ఒకటి బాగా కాల్చండి, పొగ రాబోయే దాకా. బ్రెడ్ ఇరవై నిమిషాలు ఉడికాక గిన్నె మూత తీసేసి, తడి తుడిచి, ఆ కాలిన పెనాన్ని గిన్నె మీద మూతలాగా బోర్లించండి. పిండికీ పెనానికీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండాలి, అంతకన్నా ఎక్కువైతే రంగు రాదు, తక్కువైతే అంటుకుంటుంది. చల్లారితే మళ్ళీ కాల్చి మళ్ళీ పెట్టాలి, రెండు మూడుసార్లు. పట్టకారు గట్టిది వాడండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వద్దు. పైన పాలు రాస్తే రంగు తొందరగా వస్తుంది.

ఓటీజీ_భక్తుడు

ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. పని చేస్తే పైన వేడి కిందకే లెక్క, నా అభ్యంతరం సగం పోతుంది. కానీ రెండు బర్నర్లూ ముప్పావుగంట, గ్యాస్ లెక్క కూడా చూడండి. ముందు ఎవరైనా చేసి చూపించండి.

పీజీ_బతుకు

మాకు ఉన్నది ఒక్క ఇండక్షన్ ప్లేటు. రెండో బర్నర్ ఉన్న దొరలు చేసి చెప్పండి, మేం ఫొటోలు చూస్తాం.

బీటీఎమ్_వంటిల్లు

ఆదివారం చేసా. కింద దోసె పెనం, దానిమీద అల్యూమినియం డబరా, పైన మా అత్తగారిచ్చిన ఇనప పెనం, అది ఎత్తడానికి మా ఆయన్ని పిలవాల్సొచ్చింది, ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో లేచొచ్చి విసుక్కుంటూ పట్టుకున్నాడు. మొదటిసారి పెట్టినప్పుడు ఏం కాలేదు, పెనం సరిగ్గా కాలలేదు. రెండోసారికి వాసన మారింది అండి! హాల్లోంచి మా ఆయనే "ఏంటి ఏదో బేకరీ వాసనొస్తోంది" అన్నాడు. మూడోసారి తీసేసరికి నడుమంతా గోధుమరంగు, అంచుల్లో ఇంకా తెలుపు, మొత్తంగా చందమామలో మచ్చ తిరగేసినట్టుంది. ఫొటో పైన పెట్టా చూడండి. సగం కోసి టిఫిన్ డబ్బాలో వదినకి పంపించా, తను తిని "అల్లప్పచ్చడి ఎందుకు పంపలేదు" అని మాత్రం అడిగింది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలీట్లేదు.

ఓటీజీ_భక్తుడు

పైన బావుందండి, నిజంగా. బ్రెడ్ అంటా, పోనీ.

అడుగు ఫొటో కూడా పెట్టండి.

బీటీఎమ్_వంటిల్లు

అడుగు ఫొటో పెట్టను.