అప్‌డేట్: పెరుగు తోడుకుందండోయ్!

పోయిన వారం అడిగాను కదా, బెంగళూరు చలికి పెరుగు తోడుకోవట్లేదు, పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉంటున్నాయి, రోజూ పెరుగు ప్యాకెట్ కొనాలంటే బడ్జెట్ దాటిపోతోంది అని. మొత్తానికి సెట్ అయింది! తప్పు నాదే, పాలు పూర్తిగా చల్లారాక తోడేస్తున్నా, విజయవాడలో అమ్మ కూడా అలాగే చేసేది కానీ అక్కడి వేడికి నడిచిపోయేది, ఇక్కడ డిసెంబర్ రాత్రి 16 డిగ్రీలుంటే పాపం బ్యాక్టీరియా మాత్రం ఏం చేస్తుంది.

ఇప్పుడు అర లీటర్ నందిని పాలు బాగా కాచి, వేలు పెడితే వెచ్చగా తగిలేలా, అంటే 43-45 డిగ్రీలుండగా, చెంచాడు పెరుగు కలిపి హాట్‌బాక్స్‌లో పోసి పాత టవల్ చుట్టేస్తున్నా, మధ్యలో కదపట్లేదు. 8 గంటల్లో గడ్డ పెరుగు, అర లీటర్ పాలకి అర లీటర్ పెరుగు!

ఒకరోజు అత్యాశకి పోయి రెండు గరిటెల తోడు వేశా, పుల్లగా అయిపోయింది, మజ్జిగ పులుసు పెట్టేశాం లెండి. పచ్చిమిర్చి తొడిమల చిట్కా చెప్పిన అక్కా, అదీ ట్రై చేశా, తోడుకుంది కానీ జిగురుగా వచ్చింది, మా ఆయన ముట్టుకోలేదు. హాట్‌బాక్స్ ఐడియా ఇచ్చినవాళ్ళకి మాత్రం పెద్ద థ్యాంక్స్, రేపటికి తోడు కూడా చిన్న గిన్నెలో తీసి ఫ్రిజ్‌లో పెట్టేశా.