ప్రక్షిప్త కోణానికి సూత్రం బట్టీ పట్టాలా, ప్రతిసారీ రాబట్టాలా?

విద్యార్థి:
తొలివేగం, దూరం ఇచ్చి ‘ఏ కోణంలో విసరాలి?’ అని అడిగే లెక్కలకు మా తరగతిలో ఒక సూత్రం రాయించారు. గురుత్వ త్వరణాన్ని వ్యాప్తితో (విసిరిన చోటి నుంచి బంతి పడే చోటికి ఉన్న దూరంతో) గుణించి, వేగ వర్గంతో భాగించి, సైన్ విలోమం తీసి సగం చేయాలి. మా అక్క మాత్రం అది పక్కన పెట్టి పథ సమీకరణం (ఎంత దూరంలో బంతి ఎంత ఎత్తున ఉంటుందో చెప్పేది) నుంచే రాబట్టమంటోంది. ఎవరి మాట వినాలి?

పరీక్షలకు చదివించే అధ్యాపకుడు:
సూత్రమే నేర్చుకో బాబూ. వేగం సెకనుకు 20 మీటర్లు, వ్యాప్తి 20 మీటర్లు, గురుత్వ త్వరణం 10 అనుకో. విసిరే కోణం తీటా అనుకుంటే, సైన్ 2తీటా 0.5 వస్తుంది, తీటా 15 డిగ్రీలు. రెండు పంక్తుల్లో లెక్క ముగిసింది. దీనికి పేజీ నిండా బీజగణితం చేయిస్తే మిగతా ప్రశ్నలకు సమయమెక్కడిది?

గణిత ఉపాధ్యాయిని:
సర్, మరి 75 డిగ్రీలు ఏమైంది? సైన్ 150 కూడా 0.5 కదా. క్యాలిక్యులేటర్ 30 ఒక్కటే చూపిస్తుంది, పిల్లలు అక్కడే ఆగిపోతారు. 45కి అటూ ఇటూ సమానంగా జరిగిన కోణాలకు వ్యాప్తి ఒకటేనని గెలీలియో 1638లోనే నిరూపించాడు.

అంతకంటే పెద్ద చిక్కు ఉంది. విసిరిన మట్టానికే బంతి తిరిగొస్తేనే ఆ సూత్రం పనికొస్తుంది. అదే 20 మీటర్ల దూరంలో గోడ ఉండి, దాని మీద 10 మీటర్ల ఎత్తున గురి ఉందనుకోండి. 15 డిగ్రీలతో విసిరితే బంతి గోడ మొదట్లో పడుతుంది!

పథ సమీకరణంలో ఒక పదంలో టాన్, ఇంకో పదంలో హారంలో కాస్ వర్గం ఉంటాయి. పిల్లలు బెదిరేది ఇక్కడే. 1 బై కాస్ వర్గం అంటే 1 + టాన్ వర్గం. అలా మార్చేసి, టాన్ తీటాను ‘ట’ అనుకుంటే:

10 = 20ట − 5(1 + ట²)
ట² − 4ట + 3 = 0

మూలాలు 1, 3. అంటే 45 డిగ్రీలు, దాదాపు 71.6 డిగ్రీలు. రెండు దారులూ ఒకేసారి బయటపడ్డాయి, ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇక్కడ రెండింటి మొత్తం 90 కాదు, 116.6. ఎక్కువొచ్చిన 26.6 డిగ్రీలు విసిరేచోటి నుంచి గురికి ఉన్న ఊర్ధ్వకోణమే. ఇంత అందమైన సంగతిని తయారు సూత్రం ఎప్పటికీ చూపించదు.

అధ్యాపకుడు:
75ను సూత్రం పక్కనే రాయించాలన్నది సరైన మాట, మేడమ్. గోడ లెక్కకు మీ పద్ధతే కావాలి, కాదనను. కానీ పరీక్షలో ఎక్కువగా వచ్చేది సమతలం మీది లెక్కే. పిల్లలకు రెండూ నేర్పవచ్చు. సూత్రాన్ని తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

విద్యార్థి:
మేడమ్, మీ గోడ లెక్కనే వేగం 15 పెట్టి చేశాను. విచక్షణి (వర్గ సమీకరణ సూత్రంలో వర్గమూలం కింద ఉండే విలువ) రుణాత్మకం వచ్చింది. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు.

గణిత ఉపాధ్యాయిని:
తప్పేమీ లేదు నాన్నా. ఆ వేగంతో ఏ కోణంలో విసిరినా బంతి అక్కడికి చేరదని సమీకరణం చెబుతోంది. విచక్షణిని సున్నా చేసి వేగం కనుక్కో. దాదాపు 18 వస్తుంది, అదే కనీస వేగం. అప్పుడు రెండు కోణాలూ కలిసిపోయి ఒక్కటే మిగులుతుంది.