సమస్యాపూరణం: మగని విడనాడి కోరెను మగనిపేరు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో. చివరి పాదం నేనిస్తాను, దానికి కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

«మగని విడనాడి కోరెను మగనిపేరు»

షరతు ఒక్కటే. దమయంతిని, ద్రౌపదిని పక్కన పెట్టండి. పద్యం టీనా టర్నర్ గురించే ఉండాలి. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు: ఆమె పేరుమోసిన అమెరికన్ గాయని, అసలు పేరు ఆనా మే బులక్. 1939 నవంబరు 26న అమెరికాలోని టెన్నెసీలో పుట్టింది. నట్‌బుష్ అనే పల్లెలో పెరిగింది. పెళ్లికి ముందే, 1960లో మొదటి రికార్డు వచ్చినప్పుడు, తర్వాత ఆమెకు భర్త అయిన సంగీతకారుడు ఐక్ టర్నర్ ఆమెకు «టీనా టర్నర్» అని పేరు పెట్టాడు. బొమ్మల పుస్తకాల్లో షీనా అనే అడవి నాయిక ఉండేది, ఆ బాణీలో అన్నమాట. పెట్టి ఊరుకోలేదు, ఆ పేరును తన హక్కుగా నమోదు చేయించుకున్నాడు. ఈవిడ వెళ్లిపోతే ఇంకొకామెను అదే పేరుతో నిలబెట్టొచ్చని ఎత్తు. 1978లో విడాకులు పూర్తయినప్పుడు ఆమె పట్టుబట్టింది ఆ పేరు కోసమే. సమస్యలో వైరుధ్యం అక్కడే ఉంది. దాన్ని విప్పినవాళ్లకే మార్కులు.

గోదారిగట్టు:
మాస్టారూ, బోణీ నాది.

పత్తి చేలలో పెరిగిన పల్లెపిల్ల
టీనయై వేదికల నేలె డెందమలర
పదియునారేండ్లు బాధలు పడి పడి తుద
మగని విడనాడి కోరెను మగనిపేరు

నిర్వాహకుడు:
ధార బాగుంది. «పడి పడి తుద» దగ్గర పాదం ఊపిరి తీసుకుని సమస్యలోకి దిగడం మరీ బాగుంది. 1960 నుంచి, ఆమె అతన్ని వదిలిపోయిన 1976 దాకా పదహారేళ్లు, లెక్క కూడా సరిపోయింది. కానీ అసలు పని జరగలేదు గోదారిగట్టు గారూ. ఎందుకు కోరింది? కథ చెప్పి సమస్య దగ్గరికి తెచ్చి వదిలేశారు.

పాటలపిచ్చి:
నాదో అభ్యంతరం. «డెందమలర» (మనసు మురిసేలా) అన్నది టకారానికి యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొంతన, కుదర్చడం కోసం వచ్చిన మాట. అంతే కదా? టీనా వేదిక ఎక్కితే డెందాలు అలరడమేమిటండీ, దుమ్ము లేచిపోయేది! ఎత్తు మడమల చెప్పులతో, పొట్టి గౌనుతో, కచేరీ అయ్యేదాకా ఆగకుండా ఆడుతూ పాడేది. 1988 జనవరిలో రియో డి జనైరోలోని మారకానా స్టేడియంలో ఆమె కచేరీకి లక్షా ఎనభై వేల మంది వచ్చారు. అక్కడికి «డెందమలర» సరిపోదు.

గోదారిగట్టు:
టకారానికి డకారం తప్ప ఏం దొరుకుతుందో మీరే చెప్పండి అక్కా. డప్పు కొట్టమంటారా?

పాటలపిచ్చి:
డప్పు కొడితే స్వరం కుదరదు, «టీ»కి «డె» కావాలి. సరే, ఈసారికి వదిలేస్తున్నాను.

మెంఫిస్ తెలుగు:
«పత్తి చేలు» అలంకారం కాదండి, అక్షరాలా నిజం. మా ఊరు మెంఫిస్ నుంచి నట్‌బుష్ దగ్గరి బ్రౌన్స్‌విల్ పట్టణం కారులో గంట పైచిలుకు. ఆవిడ చిన్నప్పుడు చదివిన ఒంటిగది చెక్క బడిని ఎత్తుకొచ్చి అక్కడ మ్యూజియంగా పెట్టారు. లోపల పాత బల్లలు, నల్లబల్ల, వాటి పక్కనే అద్దాల వెనక కచేరీల్లో వేసుకున్న మెరుపు గౌన్లు. నట్‌బుష్ వైపు వెళ్లే 19వ నంబరు రోడ్డుకు ఆవిడ పేరే పెట్టారు. ఆ రోడ్డు పక్కన ఇప్పటికీ పత్తే. నా పూరణ:

ఆస్తి యొక్కటి యడుగక యన్ని వదలి
పాట పెంచిన పేరది, పరునిదగునె?
తనది తానేలుకొనుటందు తప్పు గలదె?
మగని విడనాడి కోరెను మగనిపేరు

నిర్వాహకుడు:
ఇదీ విప్పడమంటే! చట్టం లెక్కలో పేరు అతనిది, జనం లెక్కలో ఆమెది. రెండో పాదంలోని ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. అయితే «వదలి» అనే క్త్వార్థకం (అసమాపక క్రియ) మొదటి పాదంలో ఉంటే దాని క్రియ «కోరెను» నాలుగో పాదంలో ఉంది. మధ్యలో రెండు ప్రశ్నలు అడ్డం పడ్డాయి. దూరాన్వయం, అంటే కలవాల్సిన మాటలు దూరమయ్యాయి. ఇంకో మాట, ఆమె ఆస్తి వదులుకోవడమే కాదు, రద్దయిన కచేరీల తాలూకు అప్పులు కూడా నెత్తిన వేసుకుంది. మొదటి పాదం ఇలా మారిస్తే ఎలా ఉంటుంది?

అప్పులన్నియు దలకెత్తి యాస్తి వదలి

మెంఫిస్ తెలుగు:
బాగుంది. అప్పు, ఆస్తి ఒకే పాదంలో పడ్డాయి. తీసుకుంటున్నాను మాస్టారూ.

కొత్తకలం:
నేను ఛందస్సు నేర్చుకుంటున్నాను. పెద్దలు దిద్దాలి.

రాత్రివేళ డల్లాసులో బయలుదేరి
ముప్పదారు సెంట్లే చేత మూటగాను
కోర్టులో చెప్పె వద్దులే కోట్లు నాకు
మగని విడనాడి కోరెను మగనిపేరు

గోదారిగట్టు:
తమ్ముడూ, మూడో పాదం నాకు అసూయ పుట్టించింది. «వద్దులే కోట్లు నాకు» అచ్చంగా మాట్లాడినట్టుంది.

నిర్వాహకుడు:
గణాలన్నీ (గురులఘువుల లెక్క) సరిపోయాయి. మొదటి పాదంలో యతి లేదు: రా-బ కలవవు. పైగా «బయలుదేరి» అంటే తీరుబాటుగా బస్సెక్కినట్టుంది. జరిగింది అది కాదు. 1976 జులై, డల్లాసు. విమానాశ్రయం నుంచి వచ్చే కారులోనే కొట్టాడు. ఆమె వేసుకున్న తెల్లబట్టలు నెత్తురు మరకలయ్యాయి. హోటల్ గదిలో అతను నిద్రపోగానే బయటపడి, లారీలు పోతున్న పెద్ద రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి అవతలి హోటల్‌కు చేరింది. దగ్గరున్నది ముప్పై ఆరు సెంట్లు, ఒక పెట్రోలు కార్డు. ఆ పరుగును పాదంలోకి తెద్దాం:

రాత్రి డల్లాసు రహదారి రమణి దాటి

పాటలపిచ్చి:
మాస్టారూ, నెత్తురోడుతూ పరుగెత్తే మనిషి «రమణి» ఏమిటి? ప్రబంధాల అలవాటు పోదు మనకి.

నిర్వాహకుడు:
యతికి రకారం కావాలమ్మా. మీరు ఇంకో మాట ఇవ్వండి, మార్చేస్తాను.

కొత్తకలం:
నాకు «రహదారి» చాలు. రమణిని భరిస్తాను.

పాటలపిచ్చి:
సరే, నా వంతు. అందరూ మొదటి మగడి దగ్గరే ఆగిపోయారు. ఆమెకు రెండో పెళ్లి ఉంది. జర్మన్ వాడు ఎర్విన్ బాక్, సంగీత వ్యాపారంలో పనిచేసినవాడు. ఏళ్ల తరబడి కలిసి ఉండి 2013లో పెళ్లి చేసుకున్నారు. ఆమె మూత్రపిండాలు దెబ్బతింటే 2017లో తనది ఒకటి ఇచ్చాడు.

వింత గాదె యీ టీనమ్మ వెలుగు కథను
అంగమిచ్చిన మగనిపే రడుగలేదు
కసరి కొట్టిన మొదటి యా కఠినుడైన
మగని విడనాడి కోరెను మగనిపేరు

గోదారిగట్టు:
అక్కా, దండం! «కఠినుడైన మగని» అని సమస్యలోకి విశేషణం జారిపోయింది చూడండి, అతుకు కనపడదు.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ అంటాను. ఇద్దరు మగల్నీ ఒక పద్యంలో ఎదురెదురుగా నిలబెట్టారు. సమస్యలోని వింతను తగ్గించకుండా ఇంకా పెంచారు. «మగనిపే రడుగ»లో రకారం మీద కాక «అడుగ»లోని అచ్చు మీద యతి నిలిచింది, అంగ-అడుగ, చెల్లుతుంది. «కథను / అంగ» దగ్గర విసంధి ఉంది, అంటే కలపాల్సిన చోట సంధి చేయలేదు. పాతకాలం వాళ్లు ఒప్పుకోరు, నేను చూడనట్టు ఊరుకుంటున్నాను. «టీనమ్మ» మాత్రం నాకు నచ్చింది.

మెంఫిస్ తెలుగు:
ఆ ఇద్దరికీ మధ్య ఆమెను నిలబెట్టింది జపం. 1970లలో జపాన్‌లో పుట్టిన నిచిరెన్ బౌద్ధం పట్టుకుంది, «నమ్ మ్యోహో రెంగే క్యో» అని. తర్వాత వచ్చిన ఒక ప్రార్థనల ఆల్బమ్‌లో మన «సర్వేషాం స్వస్తిర్భవతు» కూడా ఆమె గొంతులో ఉంది. ఉచ్చారణ మరీ అంత పరాయిగా ఉండదు. ఎవరైనా దీన్ని పద్యంలో పెడితే బాగుండేది.

నిర్వాహకుడు:
అది వేరే సమస్యకు వస్తువు. నా పూరణ కూడా పెడుతున్నాను. సమస్యను ఎగతాళి చేసేవాళ్ల నోట పెట్టాను.

నలుబదేండ్లపై నాల్గేండ్ల నాడు గెలిచె
పేరు తనదయ్యె, మగడను పేరు పోయె
నవ్వి లోకులు నాడన్న నానుడి యిది:
«మగని విడనాడి కోరెను మగనిపేరు»

కొత్తకలం:
నలభై నాలుగేళ్లు అంటే 1984 కదా మాస్టారూ?

నిర్వాహకుడు:
అవును. ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్‌తోనే తిరిగి నిలబడింది. సెప్టెంబరులో అందులోని ఒక పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, ఆమె పుట్టినరోజు నవంబరులో, కాబట్టి అప్పటికి నలభై నాలుగే. మరుసటి ఏడు మూడు గ్రామీ సంగీత పురస్కారాలు.

పాటలపిచ్చి:
రెండో పాదం చాలు, మిగతా మూడూ దాని కోసం వచ్చినవే. కానీ «మగడను పేరు పోయె» పూర్తిగా నిజం కాదు మాస్టారూ. 1991లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప సంగీతకారుల గౌరవ జాబితా) వాళ్లు ఇద్దర్నీ కలిపే చేర్చుకున్నారు. ఆమె ఒక్కదాన్నీ విడిగా చేర్చుకోవడానికి 2021 దాకా పట్టింది. 2023 మే 24న స్విట్జర్లాండ్‌లోని క్యూస్నాఖ్ట్‌లో పోయింది, అంటే మధ్యలో మిగిలింది రెండేళ్లే.

నిర్వాహకుడు:
ఒప్పుకోను. నేను అన్నది జనం నోట. టర్నర్ అనగానే ఐక్ గుర్తొచ్చేవాళ్లు మీకు ఎంతమంది తెలుసు?

గోదారిగట్టు:
నాకు ఈ చర్చ చదివాకే తెలిసింది, ఐక్ అని ఒకడున్నాడని.