కువైట్ నుంచి వచ్చిన అక్కకి తెలుగులో మాట్లాడే థెరపిస్టు కావాలి. నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరికైనా అనుభవం ఉందా?

ఆత్మకూరు_చెల్లి:
అందరికీ నమస్కారం. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా అక్క ఇంటిపనికి కువైట్ వెళ్ళి, సంక్రాంతికి ముందు తిరిగొచ్చింది. అక్కడ ఏం జరిగిందో పూర్తిగా చెప్పలేదు. కొట్టారని, ఫోన్ లాగేసుకున్నారని, గదిలో పెట్టి తాళం వేశారని మాత్రం తెలుసు. ఇప్పుడు పక్కింట్లో ఎవరైనా గట్టిగా అరిచినా చేతులు వణుకుతాయి. రాత్రి తలుపు గడియ వేయనివ్వదు.

నెల్లూరులో డాక్టర్‌కి చూపించాం. మందులతో నిద్ర కొంచెం పడుతోంది. కౌన్సెలింగ్ కూడా కావాలన్నారు. బంధువులు చెబితే హైదరాబాద్‌లో ఒక మేడంతో వీడియోలో మాట్లాడించాం. ఆవిడ ఓపిగ్గానే మాట్లాడారు గానీ మాటల్లో సగం ఇంగ్లీషు. "మీ ట్రిగ్గర్స్ ఏంటి, సేఫ్‌గా ఫీలవుతున్నారా" అంటే అక్క నా మొహం చూసింది. నేను విడమరిచి చెప్పబోతే తల దించుకుంది. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడనంది. దీన్నుంచి బయటపడిన వాళ్ళెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నర్సు_ఒంగోలు:
అమ్మా, నేను మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. ముందు మందుల సంగతి. డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు. తర్వాత, ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకోండి. మందులు రాసేది సైకియాట్రిస్టు. థెరపీకి శిక్షణ పొందిన వాళ్ళు క్లినికల్ సైకాలజిస్టులు. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడగడంలో మొహమాటం అక్కర్లేదు. బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకున్న ప్రతి ఒక్కరూ ట్రామాకి, అంటే ఇలాంటి మానసిక గాయాలకి, శిక్షణ తీసుకున్నవాళ్ళు కారు.

అపాయింట్‌మెంట్‌కి ముందే ఫోన్లో అడగండి: ఇలాంటి కేసులు చూశారా, సెషన్ మొత్తం తెలుగులో నడుపుతారా, ఆడవాళ్ళు ఉన్నారా. గది తలుపు మూస్తే అక్కకి భయమని కూడా ముందే చెప్పండి. మంచి థెరపిస్టు అయితే ఎక్కడ కూర్చోవాలో అక్కనే ఎంచుకోనిస్తారు. మొదటి రోజే జరిగిందంతా చెప్పమని పట్టుబట్టేవాళ్ళ దగ్గర ఉండొద్దు. భయం వచ్చినప్పుడు ఒంటిని ఎలా కుదుటపరచుకోవాలో నేర్పి, ఆ తర్వాతే ఆ సంగతుల్లోకి వెళ్తారు.

పీటీఎస్‌డీ అంటే ఇలాంటి ఘోరం జరిగాక ఆ భయం వదలకుండా వేధించే జబ్బు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళలో దీనికి సూచించిన పద్ధతుల్లో రెండు చెబుతాను. ఒకటి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. రెండోది ఈఎండీఆర్, అంటే జరిగింది తలచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే పద్ధతి. రెండోదాంట్లో జరిగిందంతా వివరంగా నోటితో చెప్పనక్కర్లేదు. నోరు పెగలని వాళ్ళకి అదొక దారి.

పెన్నా_ఒడ్డు:
మా ఇంట్లో ఉర్దూ, వీధిలోకొస్తే తెలుగు. హైవే మీద జరిగిన యాక్సిడెంట్‌లో మా అమ్మ కళ్ళ ముందే మా మామయ్య పోయారు. అప్పట్నుంచి అమ్మ ఆటో కూడా ఎక్కేది కాదు. కౌన్సెలర్ తెలుగులో అడిగినప్పుడల్లా "బాగానే ఉండానమ్మా" అనేది. అమ్మ తెలుగు బజారు తెలుగు. కూరగాయల బేరానికి, స్కూల్లో టీచర్‌తో మాట్లాడ్డానికి సరిపోతుంది. తమ్ముడి గురించి ఏడవడం ఆమెకి ఉర్దూలోనే వచ్చు. ఉర్దూ తెలిసిన ఒక మేడం దొరికాక మొదటిసారి గంటసేపు మాట్లాడింది.

ఆ మేడంలో నాకు నచ్చింది ఇంకోటుంది. అమ్మ తనకి నజర్ తగిలిందని నమ్మేది, దర్గాకి వెళ్ళి తాయెత్తు కట్టించుకుంది. మేడం దాన్ని తీసెయ్యమనలేదు. అక్కడికెళ్తే ఎలా ఉంటుంది, ఎవరెవరు కలుస్తారు, ఏమని దువా చేస్తారు అని అడిగారు. ఆ దర్గా దాకా ఆటోలో వెళ్ళడాన్నే అమ్మకి అలవాటు చేయించారు. మొదట వీధి చివరిదాకా, తర్వాత బస్టాండు దాకా. అమ్మ నమ్మకాన్ని పక్కకి నెట్టి ఉంటే ఆ పని జరిగేది కాదు.

కందుకూరు_బెంగళూరు:
నాది దీనికి తిరగబడిన అనుభవం, అందుకే రాస్తున్నా. చిన్నప్పుడు బంధువుల్లో ఒకాయన వల్ల జరిగిన విషయం నేను తెలుగులో చెప్పలేకపోయాను. తెలుగులో నోరు తెరిస్తే అమ్మమ్మ ఇల్లు, ఆ మనిషి గొంతు, "ఎవరికీ చెప్పబాక" అన్న మాట అన్నీ మీదికొచ్చేవి. ఇంగ్లీషులో అదే సంగతి ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పగలిగాను. రెండు భాషలు వచ్చినవాళ్ళలో ఇలా జరగడం మామూలేనని, తర్వాత నేర్చుకున్న భాష కాస్త దూరం ఇస్తుందని మా థెరపిస్టు చెప్పారు. ఆవిడది గుంటూరు. చాలాకాలం ఇంగ్లీషులోనే నడిచింది. ఒకరోజు కోపం వచ్చి నాకు తెలియకుండానే తెలుగులోకి దిగిపోయాను. ఆవిడా తెలుగులోకి వచ్చేశారు. అప్పటిదాకా రాని ఏడుపు ఆరోజు వచ్చింది. అందుకని చెల్లెమ్మా, అక్క ఏ భాషలో మొదలుపెట్టాలనుకుంటుందో అక్కనే అడుగు. రెండూ తెలిసినవాళ్ళు దొరికితే మరీ మంచిది.

ఆత్మకూరు_చెల్లి:
అన్నా, మీరు ఇది రాసినందుకు చాలా చాలా థ్యాంక్స్. మా అక్కకి అరబ్బీ వచ్చు. తిట్లన్నీ ఆ భాషలోనే పడింది. టీవీలో ఆ మాట వినపడితే లేచి వెళ్ళిపోతుంది. ఆ సంగతి కూడా థెరపిస్టుకి చెప్పాలా?

నర్సు_ఒంగోలు:
తప్పకుండా చెప్పండి, అక్క సరేనంటేనే. అలాంటి వివరాలతోనే వాళ్ళు పని మొదలుపెడతారు.

జువ్వలదిన్నె_తీరం:
మేము పట్టపోళ్ళం, సముద్రంలో చేపలు పట్టేవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తమిళం, తెలుగు కలిసిన మాట. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు నాకు చిన్న వయసు. మా నాయన చాలాకాలం సముద్రంలోకి వెళ్ళలేదు. అడిగితే గుండె దడ, అరికాళ్ళు మంట, తల బరువు అనేవాడు. భయం అనేవాడు కాదు. మా వైపు మగాళ్ళు ఆ మాట అనరు. వచ్చినవాళ్ళు పుస్తకాల తెలుగులో కాగితం మీద ప్రశ్నలు చదివేవాళ్ళు. నాయన ఔను, కాదు అని చెప్పి పంపేసేవాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి చెప్పించేవాళ్ళు. పిల్లాడి ముందు ఏ తండ్రి చెబుతాడు? దయచేసి ఇంట్లోవాళ్ళని, అందులోనూ పిల్లల్ని దుబాసీలుగా పెట్టకండి. అక్క నీ ముందు తల దించుకుంది అన్నావు చూడు, అక్కడ నాకు నాయనే గుర్తొచ్చాడు.

మా నాయనకి పనికొచ్చింది మా మాట తెలిసిన ఒక ఆరోగ్య కార్యకర్త. వలలు అల్లేచోటికే వచ్చి కూర్చునేది. గుండె దడ గురించే మాట్లాడుతూ, ఎప్పుడొస్తుంది, అల చప్పుడు విన్నప్పుడా అని అక్కడి నుంచి లోపలికి వెళ్ళేది. నాయన చేతులు వల మీద, మాట ఆమెతో.

పొదిలి_పెద్దాయన:
అమ్మాయీ, ఇన్ని దూరాలు ఎందుకు? నలుగురిలో పడితే మనసు మళ్ళుతుంది. గొలగమూడి తీసుకెళ్ళి కొన్నాళ్ళు ఉంచండి, వెంకయ్య స్వామి చూసుకుంటాడు. మందులు, కౌన్సెలింగ్ అంటూ తిప్పితే ఊళ్ళో మాట పడుతుంది. రేపు పెళ్ళి కావాలి.

నర్సు_ఒంగోలు:
పెద్దాయనా, గొలగమూడి వెళ్తే అక్కకి ఊరట అనిపిస్తే వెళ్ళాల్సిందే. మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది రెండూ చేస్తారు, మేమూ వద్దనం. చికిత్స మాత్రం ఆపకూడదు. నెల దాటినా కలలు, ఉలికిపాటు తగ్గకపోతే అది నలుగురిలో పడితే పోయే దిగులు కాదు. ఊళ్ళో మాట గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ఎక్కడైనా సరే, మనిషిని గొలుసులతో కట్టడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. కొన్నిచోట్ల ఇంకా కడుతున్నారు కాబట్టి చెబుతున్నా.

పెన్నా_ఒడ్డు:
ఊళ్ళోవాళ్ళ టెన్షన్ మాకూ ఉండేది. మేము పంటి డాక్టర్ దగ్గరికి అని చెప్పి వెళ్ళేవాళ్ళం.

ఆత్మకూరు_చెల్లి:
డబ్బు సంగతి కూడా చెప్పండి. మేము వారం వారం నెల్లూరు రాలేం. ఇన్సూరెన్స్ వస్తుందా?

కందుకూరు_బెంగళూరు:
శరీర జబ్బులకి ఎలా ఇస్తారో మానసిక జబ్బులకీ అలాగే ఇవ్వాలని అదే 2017 చట్టంలో ఉంది. కానీ మామూలు పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. వారం వారం సెషన్లకి రావాలంటే పాలసీలో ఓపీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు కూడా ఇచ్చేది, ఉండాలి. ముందు పాలసీ కాగితం చూసుకో.

నర్సు_ఒంగోలు:
ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే టెలిమానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వ ఫోన్ లైన్ ఉంది, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు. అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. పూర్తి థెరపీ ఫోన్లోనే అయిపోతుందనుకోవద్దు, దగ్గర్లో ఎవరున్నారో అడగడానికి కూడా పనికొస్తుంది. ఆడవాళ్ళ మీద హింస కేసులకి 181 హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా వన్ స్టాప్ సెంటర్‌లో కౌన్సెలింగ్, న్యాయ సలహా రెండూ ఉచితం.

ఆత్మకూరు_చెల్లి:
ఇదంతా నిన్న రాత్రి అక్కకి చదివి వినిపించాను. కందుకూరు అన్న రాసింది రెండోసారి చదవమంది. తెలుగే కావాలంది, కానీ మన జిల్లా మనిషి వద్దంది, తెలిసినవాళ్ళెవరైనా ఉంటారేమోనని. 14416కి తనే చేస్తానంది. ఆ టైంకి నేను పిల్లల్ని తీసుకుని చెరువుగట్టు వైపు వెళ్తాను.

జువ్వలదిన్నె_తీరం:
జిల్లా బయట మనిషి కావాలంటే అది కూడా ఫోన్లో మొదటే చెప్పమను. ఇంకో మాట. అక్కకి జీతం బాకీ ఉన్నా, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయినా, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ దానికి జరిగిందంతా మళ్ళీ రాయాలి. ఇప్పుడే రాయించకండి, థెరపిస్టుతో నాలుగు మాటలు మాట్లాడాక అక్క రాస్తానంటే అప్పుడు పక్కన కూర్చో.