తాళం వేశాక మళ్ళీ లాగి చూడటం: మానాలా, ఉంచుకోవాలా?

గుమ్మంముందు
ఇంటికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి తాళంకప్ప లాగి చూసేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. గ్యాస్ కట్టామా, ఇస్త్రీపెట్టె ప్లగ్ తీశామా అన్నదీ ఈ కోవే. అది జాగ్రత్తే కదా, వదిలేయండని కొందరంటారు. చూసేకొద్దీ అనుమానం పెరుగుతుంది, మానిపించాలని ఇంకొందరి మాట. తాళాలు, స్టవ్‌లు, మనసు సంగతి తెలిసినవాళ్ళు కారణాలతో చెప్పండి.

కప్పలమేస్త్రి, వరంగల్
ఒక్కపారి గుంజి చూసుడు అనుమానం కాదు, పని. కప్పలు రెండు తీర్లు. ఒకటి, నొక్కితే టిక్కుమని పడేది. అండ్ల దుమ్ము చేరినా, స్ప్రింగు తుప్పు పట్టినా కొంకి లోపటికి పోతది గానీ పట్టుకోదు. చూస్తే మూసినట్టే కొడతది, గుంజితెనే తెలుస్తది. రెండోది, చెవి తిప్పితెనే పడేది. వీటిల్ల చాలావాటికి తాళం పడనిదే చెవి బయటికి రాదు. చెవి మీ చేతిల ఉన్నదంటే తాళం పడ్డట్టే, ఇగ మళ్ళ మెట్లెక్కుడు దేనికి? కప్పను తెరిచిపెట్టి చెవి గుంజి చూడుండ్రి, మీది ఏ తీరుదో ఎరుకైతది.

గుంజేది కప్పను, కిందికి. తలుపు పిడి పట్టుకొని గుంజద్దు. రోజుకు నాలుగుసార్లు అట్ల గుంజితే కప్పకు ఏం గాదు, గొళ్ళెం మరలు చెక్కల వదులైతయి. తాళం మంచిగనే ఉంటది, గొళ్ళెమే ఊడొస్తది. కప్ప బిగుసుకుంటే కొబ్బరినూనె పొయ్యద్దు, దుమ్మును పట్టి జిగురైతది. చెవి రంధ్రంల గ్రాఫైట్ పొడి కొంచెం వేస్తే చాలు.

జ్ఞాపకంలెక్క, గుంటూరు
మేస్త్రిగారి "ఒక్కపారి"లోనే అంతా ఉంది. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు వాన్ డెన్ హౌట్, కిండ్ట్ కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ బొమ్మ పెట్టి, దాన్ని వెలిగించి, ఆర్పి, సరిచూడమన్నారు. అలా 20 సార్లు. చివరిసారి ఏ బర్నర్లు చూశారో సరిగ్గా చెప్పడంలో పెద్దగా తేడా రాలేదు. కానీ ఆ దృశ్యం కళ్ళముందు స్పష్టంగా నిలవలేదు, తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం సడలింది. 2006లో ఇంకొందరు నిజం స్టవ్‌తో చేసి చూశారు. పదేపదే స్టవ్ చూసినవాళ్ళకు నమ్మకం తగ్గింది. స్టవ్ బదులు కొళాయి తిప్పుతూ, చివర్లో ఒక్కసారి స్టవ్ చూసినవాళ్ళకు తగ్గలేదు.

చూసిందే చూస్తుంటే కన్ను వివరాలు పట్టుకోవడం మానేస్తుంది. కాబట్టి అనుమానం తీరాలని మళ్ళీ మెట్లెక్కితే రేపటి అనుమానానికి నీళ్ళు పోసినట్టే.

గుమ్మంముందు
వెళ్ళేముందు ఫోన్‌లో ఫొటో తీసుకుంటే?

పొయ్యిసర్వీసు, రాజమండ్రి
నేనైతే వద్దంటానండి. ఇవాళ్టి ఫొటో, నిన్నటి ఫొటో ఒకేలా ఉంటాయి. పైగా బస్సులో కూర్చుని పదిసార్లు దాన్నే చూస్తారు. నాబ్ ఎటు తిరిగుందో ఫొటో చెబుతుంది గానీ పైపు కారుతోందో లేదో చెప్పదు కదండీ.

గ్యాస్‌కి వరస ముఖ్యం. మంట వెలుగుతుండగానే రెగ్యులేటర్ కట్టేయండి. పైపులో మిగిలిన గ్యాస్ కాలిపోయి మంట దానంతటదే ఆరుతుంది. సిలిండర్ నుంచి గ్యాస్ ఆగిందనడానికి అదే సాక్ష్యం, వేరే చెకింగ్ అక్కర్లేదు. ఇందులో ప్రమాదం ఒక్కటే: మంట ఆరింది కదా అని స్టవ్ నాబ్ తెరిచి వదిలేస్తారు. పొద్దున్నే రెగ్యులేటర్ తిప్పగానే బర్నర్లోంచి గ్యాస్ వచ్చేస్తుంది. అందుకని మంట ఆరగానే నాబ్ తిప్పడం కూడా అదే పనిలో భాగం. లీకు అనుమానమైతే సబ్బునురుగు రాయండి, అగ్గిపుల్ల మాత్రం గీయొద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదకి దిగుతుంది, కాబట్టి కిందకి వంగి వాసన చూడాలి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

పట్టాలపక్క, కాజీపేట
రైళ్ళల్లో దీనికి పాత ఉపాయమే ఉంది. సిగ్నల్ కనబడగానే లోకో పైలట్ దాని రంగు పైకి చెబుతాడు, అసిస్టెంట్ తిరిగి చెబుతాడు. జపాన్ రైల్వేలో వేలు చూపించి మరీ పలుకుతారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్షిస్తే, ఏమీ చేయకుండా నూటికి 2.38 ఉన్న తప్పులు, చూపించి పలికినప్పుడు 0.38కి దిగినయి. తాళానికీ అంతే. కప్ప గుంజి, వేలు పెట్టి, "మంగళవారం, పడ్డది" అనాలె. వారం పేరు తప్పనిసరి. అది లేకుంటే నిన్నటి మాట, ఇయ్యాల్టి మాట కలిసిపోతయి.

పోనీలెండి, కడప
ఇంత పరీక్ష ఎందుకప్పా? ముసలాయప్ప రెండుతూర్లు లాగి చూస్తే ఎవురికి నష్టం? నవ్వేవాళ్ళు ఎక్కువయితే ఆయనకు దిగులు కూడా ఎక్కువయితాది. రెండుతూర్లకు తృప్తిపడి పోయేవాళ్ళను వాళ్ళ పాటికి వదిలేయండి.

జ్ఞాపకంలెక్క
రెండుసార్లతో ఆగితే మీ మాటే నా మాట, నవ్వడం మాత్రం నిజంగా తప్పు. నా పేచీ ఇంట్లోవాళ్ళ జవాబుతో. "తాళం వేశావా?" అని అడిగితే ఒకసారి చెప్పండి. అయిదోసారి కూడా "వేశాన్లే" అంటే ఆ చెకింగ్ వాళ్ళ బదులు మీరు చేస్తున్నట్టే. "ఇందాకే చెప్పాను, గుర్తుంది కదా" అని ప్రేమగా అని ఆగిపోండి. ఈ చూడటాలకే రోజుకు గంట దాటి పోతున్నా, ఆఫీసుకో బడికో ఆలస్యమవుతున్నా అది అలవాటు కాదు, వైద్యం ఉన్న సమస్య. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

కప్పలమేస్త్రి
కడప అన్నా, రెండోసారి గుంజుడు ఒక్క కాడ ఒప్పుకుంట. వానకాలం చెక్క తలుపు ఉబ్బుతది. గుంజితే మూసుకునే నైట్ లాచ్ తలుపైతే నాలుక చౌకట్ల సగమే దిగుతది, చప్పుడు మాత్రం పూర్తిగనే వస్తది. దానికి లోపటివైపు ఒకసారి నెట్టి చూడాలె. ఉబ్బిన అంచును ఎండకాలంల చిత్రిక పట్టిస్తే ఆ రెండోది గూడ అక్కెర్లేదు.